మంగళగిరి చీరలకు గూగుల్ ప్రకటన: నా అనుభవం

మా బాబాయి మంగళగిరిలో మాస్టర్ వీవర్. నూలు, జరీ తానే కొనిచ్చి, నేతగాళ్లకు మజూరీ కట్టి, నేసిన సరుకు అమ్మే భారం తన మీద వేసుకున్న మనిషి. ఏళ్ల తరబడి ఆ సరుకంతా విజయవాడ, హైదరాబాద్ దుకాణాలకే వెళ్లేది. డబ్బు ఎప్పుడొస్తుందన్నది వాళ్ల దయ. కట్టుకునేవాళ్లకే నేరుగా అమ్ముదామని ఒక చిన్న వెబ్‌సైట్ పెట్టించాడు. చీరల ఫొటోలు, ధరలు, కింద వాట్సాప్ బటన్. అన్నీ ఉన్నాయి, చూసేవాళ్లే లేరు. నాది కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం కాబట్టి ప్రకటనల సంగతి నాకు అప్పగించాడు. కంప్యూటర్ వాడేవాళ్లకు అందులోని పనులన్నీ వచ్చని మా ఇంట్లో గట్టి నమ్మకం.

ముందు ఎక్కడ ప్రకటన ఇవ్వాలో తేల్చుకోవాల్సి వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో ఇచ్చేవి తీరిగ్గా ఫొటోలు చూసుకుంటున్నవాళ్ల ముందుకు వెళ్తాయి. గూగుల్ సెర్చ్‌లో ఇచ్చేది ఆ చీర కోసం వెతుకుతున్నవాళ్లకు కనబడుతుంది. బాబాయి నెలకు పెట్టగలిగింది పది వేల లోపు. అంత తక్కువ డబ్బుతో లేని కోరిక పుట్టించలేం, ఉన్న కోరికను అందుకోవచ్చు. అందుకని సెర్చ్‌నే ఎంచుకున్నాను. పైగా అక్కడ కనబడినందుకు కాదు, ఎవరైనా నొక్కితేనే డబ్బు. ఈ పద్ధతిని 1998లో అమెరికాలో గోటూ డాట్ కామ్ అనే సంస్థ వాడకంలోకి తెచ్చింది. 2000లో యాడ్‌వర్డ్స్ అనే ప్రకటనల సేవ మొదలుపెట్టినప్పుడు గూగుల్ కూడా వెయ్యిసార్లు కనబడితే ఇంత అనే వసూలు చేసేది, 2002లో క్లిక్కుల లెక్కకు మారింది. 2018 నుంచి దాని పేరు గూగుల్ యాడ్స్. ఇదంతా చెబితే బాబాయి, ‘అయితే చూసి ఊరుకున్నవాళ్లకు మనం ఏమీ కట్టక్కర్లేదా?’ అని మళ్లీ మళ్లీ అడిగాడు. దినపత్రికల్లో కరపత్రాలు పెట్టించి, చదివినవాళ్లకూ చదవనివాళ్లకూ కలిపి అచ్చు ఖర్చు భరించిన మనిషి ఆయన.

ఖాతా తెరవడం పెద్ద పనేమీ కాదు. ఏ కరెన్సీలో కడతామో ఒకసారి ఎంచుకుంటే తర్వాత మార్చుకోలేం కాబట్టి రూపాయలే అని చూసుకున్నాను. ముందుగా డబ్బు వేసుకుని అయిపోయే దాకా వాడుకునే పద్ధతి ఒకటుంది. కొత్తవాళ్లకు అదే క్షేమం, ఖర్చు ఎంత చేయి దాటినా వేసినంత వరకే. అయితే జీఎస్టీ 18 శాతం అందులోంచే పోతుంది. వెయ్యి రూపాయలు వేస్తే ప్రకటనలకు మిగిలేది 847 రూపాయల చిల్లర. ఈ మాట బాబాయికి ముందే చెప్పి పెట్టుకోవడం మంచిదయింది. ప్రకటన ఇస్తున్నది ఎవరో నిర్ధారించడానికి గుర్తింపు పత్రాలు కూడా అడుగుతారు. అవీ ఇచ్చేశాం.

రోజువారీ బడ్జెట్ 300 పెట్టాను. ఇక్కడ తెలుసుకోవాల్సిన మెలిక ఒకటుంది. 300 అంటే ప్రతిరోజూ 300 దాటదని కాదు. గిరాకీ ఉన్న రోజు రెట్టింపు దాకా, అంటే 600 వరకూ ఖర్చు కావచ్చు. నెల మొత్తం మీద మాత్రం రోజువారీ మొత్తానికి 30.4 రెట్లు మించి వసూలు చేయరు. మా లెక్కలో అది 9,120.

క్యాంపెయిన్ (ఒకే బడ్జెట్, ఒకే సెట్టింగులతో నడిచే ప్రకటనల కట్ట) తయారుచేసేటప్పుడు ముందే టిక్కు పెట్టి ఉండేవాటిని ఆగి చదవాలి. సెర్చ్ పార్ట్‌నర్లు, డిస్‌ప్లే నెట్‌వర్క్ అని రెండుంటాయి. వాటి వల్ల మన ప్రకటన గూగుల్ బయటి వెబ్‌సైట్లలోనూ యాప్‌లలోనూ కనబడుతుంది. చిన్న బడ్జెట్‌కు అవి అక్కర్లేదనిపించి తీసేశాను. ఊళ్ల దగ్గర మరొకటి. హైదరాబాద్ అని పెడితే, ఆ ఊళ్లో ఉన్నవాళ్లతో పాటు ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లకు కూడా చూపించడం అలవాటు సెట్టింగు. ఉన్నవాళ్లకే అని మార్చుకోవచ్చు, మార్చాను. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై పెట్టాను. అమెరికాలో మనవాళ్లు ఇంతమంది ఉన్నారు కదా అని మా అన్నయ్య అన్నాడు కానీ, కాటన్ చీర మీద మిగిలేదాని కంటే పార్సిల్ ఖర్చే ఎక్కువవుతుందని బాబాయి వద్దన్నాడు.

భాష సంగతి కూడా అప్పట్లో ఇక్కడే తేల్చాల్సి వచ్చింది. తెలుగువాళ్లకే అమ్ముతున్నాం కాబట్టి తెలుగు ఒక్కటే ఎంచుకుంటే సరిపోతుందనిపించింది. కానీ మనలో ఎంతమంది ఫోన్లు తెలుగులో ఉన్నాయి? ‘మంగళగిరి చీరలు’ అని వెతికేవాళ్లలో చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు. తెలుగుతో పాటు ఇంగ్లిష్ కూడా ఎంచుకుని, రెండు భాషల్లో విడివిడిగా ప్రకటనలు రాశాను.

రాయడం నేను అనుకున్నంత సరదాగా లేదు. ఒక ప్రకటనకు 15 శీర్షికల దాకా ఇవ్వొచ్చు, ఒక్కోటి 30 అక్షరాలు మించకూడదు. వివరణలు నాలుగు, ఒక్కోటి 90 లోపు. వాటిని కలిపి పేర్చేది గూగులే, ఒకసారి కనబడేది మూడు శీర్షికల లోపే. తెలుగులో ఆ 30 చాలా ఇరుకు. గుణింతం గుర్తులు, సున్నాలు, ఒత్తులు అన్నీ విడిగా లెక్కలోకి వస్తాయి. ‘మంగళగిరి నేత చీరలు’ కంటికి పది అక్షరాలే, లెక్కలో ఖాళీలతో కలిపి పద్దెనిమిది. శీర్షికలో ఆశ్చర్యార్థకం పెట్టనివ్వరు, అది మంచిదే. ‘మగ్గం నేత’, ‘నిజాం అంచు’ (మంగళగిరి చీరలకు పేరు తెచ్చిన జరీ అంచు), ధర ఎంత నుంచి మొదలు, నేసిన చోటి నుంచే అమ్మకం, ఇలా ఒక్కో శీర్షికలో ఒక్కో సంగతి చెప్పాను. ధర రాయాలని పట్టుబట్టింది నేనే. ధర చూసి నచ్చనివాళ్లు నొక్కకుండా వెళ్లిపోతే మనకు ఖర్చు లేదు కదా.

ఇక కీవర్డులు, అంటే జనం ఏ మాటలు వెతికితే మన ప్రకటన రావాలో ఆ మాటలు. ఒక కీవర్డును మూడు రకాలుగా పెట్టవచ్చు. ఊరికే రాస్తే బ్రాడ్ మ్యాచ్, దానికి దగ్గరగా తోచిన ఏ వెతుకులాటకైనా ప్రకటన వస్తుంది. కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఫ్రేజ్ మ్యాచ్, ఆ అర్థం ఉన్నవాటికి. చదరపు బ్రాకెట్లలో పెడితే ఎగ్జాక్ట్ మ్యాచ్, సరిగ్గా ఆ ఉద్దేశానికే. డబ్బులో ఎక్కువ భాగం రెండో, మూడో రకాలకు కేటాయించాను. బ్రాడ్ మ్యాచ్‌ను మాత్రం విడి క్యాంపెయిన్‌లో, ఆ 300లోంచే రోజుకు 50 రూపాయలతో కావాలనే నడిపాను, జనం ఏమేం మాటలతో వెతుకుతారో వినడానికి. వద్దనుకున్న మాటలు కూడా ముందే రాసిపెట్టాలి, వాటిని నెగటివ్ కీవర్డులంటారు. మంగళగిరి అని వెతికేవాళ్లందరికీ చీరలు అక్కర్లేదు. ఎయిమ్స్ ఆసుపత్రి కావలసినవాళ్లున్నారు, పానకాల స్వామి గుడి వేళలు అడిగేవాళ్లున్నారు, అద్దె ఇళ్లవాళ్లున్నారు. నెగటివ్‌లలో ఏకవచనం రాస్తే బహువచనం దానంతట అది ఆగదు, రెండూ రాయాలి.

అసలు పని ప్రకటన బయటికి వెళ్లాక మొదలైంది. సెర్చ్ టర్మ్స్ అనే నివేదిక ఉంటుంది. మన ప్రకటన ఏ వెతుకులాటలకు వచ్చిందో వాళ్లు కొట్టిన మాటల్లోనే చూపిస్తుంది. అన్నీ చూపించదు, కొద్దిమందే వెతికిన మాటలను 2020 నుంచి చాలావరకు దాచేస్తోంది. చూపించినంత వరకు రాత్రి భోజనాలయ్యాక బాబాయికి ఫోన్‌లో చదివి వినిపించేదాన్ని. గూగుల్ యాడ్స్‌లో ఇంతకంటే విలువైన పేజీ లేదని నా అభిప్రాయం. మిగతావి అంకెలు, ఇది మనుషుల నోటి మాట.

‘ఐదు వందల లోపు మంగళగిరి చీర’ అని వెతికినవాళ్లు చాలామంది. ‘ఆ ధరకు మగ్గం మీద చీర రాదమ్మా, అది మర నేత’ అన్నాడు బాబాయి. ‘పవర్‌లూమ్’తో పాటు అవన్నీ నెగటివ్‌లోకి వెళ్లాయి. ‘ఆషాఢం తగ్గింపు’ కూడా వెళ్లింది, తగ్గించడానికి ఆయన ధరలో ముందే పెంచిందేమీ లేదు. ‘బ్లౌజ్ మోడల్స్’ అన్నవాళ్లకు చీర అప్పటికే కొనేసి ఉంటుంది. ‘హోల్‌సేల్’ తీసేద్దామని నేను వేలు పెట్టబోతే ఆయనే ఆపాడు, దుకాణంవాళ్లు కూడా వెతుకుతారుగా అని. బ్రాడ్ మ్యాచ్ వల్ల ‘వెంకటగిరి కాటన్’ అని వెతికినవాళ్లు కూడా వచ్చారు. చేనేత తెలిసినవాళ్లు కదా, ఉంచుదామా అన్నాను. ‘వెంకటగిరి కావాలని వచ్చినవాళ్లకు మంగళగిరి అంటగట్టడం దేనికి? వాళ్ల నేత వాళ్లది’ అన్నాడు. అది వ్యాపారమో అభిమానమో గానీ, ఆ క్లిక్కుల్లో ఒక్కటీ వాట్సాప్ దాకా రాలేదు కాబట్టి తీసేశాను.

క్లిక్కుకు ఎంత కట్టవచ్చన్నది బాబాయి తన పద్ధతిలో తేల్చాడు. చీర మీద ఖర్చులన్నీ పోను నాలుగు వందలు మిగిలి, నలభై మంది నొక్కితే ఒకరు కొంటారనుకుంటే, క్లిక్కుకు పది రూపాయలు కట్టిన చోట లాభం సున్నా. అందుకే బడ్జెట్‌లో వీలైనన్ని క్లిక్కులు తెచ్చే ‘మ్యాగ్జిమైజ్ క్లిక్స్’ అనే పద్ధతి పెట్టి, ఒక్కో క్లిక్కుకు ఎనిమిది రూపాయలు మించకూడదని గరిష్ఠ పరిమితి విధించాను. ఇది వేలమే కానీ ఎక్కువ పాడినవాళ్లదే పైచోటు అనే వేలం కాదు. ప్రకటనను నొక్కే అవకాశం ఎంత, వెతికిన మాటకు అది ఎంత సరిపోయింది, నొక్కాక తెరుచుకునే పేజీ ఎలా ఉంది అన్నవి కూడా తూకం వేస్తారు. వాటికి ఒకటి నుంచి పది దాకా క్వాలిటీ స్కోరు అని అంకె చూపిస్తారు. మాది మొదట నాలుగు. అప్పుడు తెరుచుకునేది హోమ్ పేజీ, ఫొటోలేమో చాలా పెద్దవి, ఫోన్‌లో నెమ్మదిగా వచ్చేవి. నిజాం అంచు చీరలకు వేరే పేజీ చేసి, ఫొటోల సైజు తగ్గించి, ప్రకటన నుంచి నేరుగా అక్కడికే పంపితే ఏడుకు చేరింది. అదే పరిమితిలో క్లిక్కులు పెరిగాయి.

వాట్సాప్ బటన్ నొక్కడాన్నే కన్వర్షన్‌గా, అంటే ప్రకటన ఫలించినట్టుగా లెక్కించేలా సైట్‌లో ట్యాగ్ అనే చిన్న కోడ్ పెట్టించాం. అది కొనుగోలు కాదు, పలకరింపు. ఏ పలకరింపు ఆర్డరు అయిందో పిన్ని ఒక నోటుపుస్తకంలో రాసేది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప నిజం తెలియదు.

మధ్యలో ఒక ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. బడ్జెట్ మూడింతలు చేస్తే ఆర్డర్లు మూడింతలవుతాయట. ఏ కీవర్డుకు అని అడిగితే జవాబు రాలేదు. గూగుల్ యాడ్స్‌లోనే సిఫారసుల పేజీ ఒకటి ఉంటుంది, పక్కన ఖాతా ఎంత బాగా నడుస్తోందో చెప్పే ఆప్టిమైజేషన్ స్కోరు శాతంలో. కొన్ని సిఫారసులు పనికొస్తాయి, కొన్ని మా బడ్జెట్‌కు తగవు. వద్దని తోసేసినా ఆ స్కోరు పెరుగుతుందని తెలిశాక నాకు దాని గురించి బెంగ పోయింది.

ఆ రాత్రి చదువుల్లో మాకు దొరికిన అసలు సంగతి వేరే. ‘మంగళగిరి కాటన్ క్లాత్ మీటర్’, ‘కుర్తీకి మంగళగిరి క్లాత్’ అనే మాటలు మళ్లీ మళ్లీ కనబడేవి, ఎక్కువగా బెంగళూరు నుంచి. మా సైట్‌లో ఉన్నవి చీరలే. పనికిరాని క్లిక్కులని నెగటివ్‌లో వేయడం సులువు. బాబాయి మాత్రం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, బుటీకుల వాళ్లు తాను నేయించే గుడ్డనే దుకాణాల్లో కొని కుర్తీలు కుట్టిస్తున్నారని, మీటర్ల లెక్కన నేయించడం తనకు చేతకానిదేమీ కాదని చెప్పాడు. ఆ గుడ్డకు విడిగా పేజీ, విడిగా యాడ్ గ్రూపు (దాని కీవర్డులు, ప్రకటనలు కలిపి ఉంచే చోటు), దాని ప్రకటనలో మీటరు ధర. పిన్ని నోటుపుస్తకంలో మీటర్ల ఆర్డర్లు చీరల ఆర్డర్లను దాటిపోయాయి. ఒక్కో బుటీకు ఒకసారి అడిగి, ఆ తర్వాత ప్రకటనతో పని లేకుండా నేరుగా వాట్సాప్‌లోనే తిరిగి వస్తోంది.

శ్రావణం వస్తే చీరలకు పోటీ పెరుగుతుంది, ఎనిమిది రూపాయల పరిమితికి క్లిక్కులు తగ్గుతాయి. ఆ నెలలో చీరల బడ్జెట్‌లో సగం మీటర్ల వైపు మళ్లిస్తున్నాను. సరుకు ఫొటో, ధరతో కనబడే షాపింగ్ ప్రకటనలకు కావలసిన మర్చంట్ సెంటర్ ఖాతా కూడా తెరిచాం. ఇక ఒక్కో రంగుకు ఒక్కో ఫొటో తీయాలి, పగటి వెలుతురులో, జరీ మెరుపు తెలిసేలా. బాబాయి దగ్గర రంగులు చాలానే ఉన్నాయి.