ఒక కంట పాలు, ఒక కంట నెయ్యి

సామర్లకోట నుంచి ఇల్లు చేరి రెండు రోజులైంది. నా కాళ్ళ వాపు ఇంకా దిగలేదు. సంచి అడుగున మరిచిపోయిన తడి తువ్వాలు ఇప్పుడే తీస్తే విభూతి, అరటిపండు, డీజిలు కలిసిన వాసన గుప్పుమంది. అమ్మ మాత్రం తెల్లవారుజామునే తలస్నానం ముగించి, పెరట్లో పారిజాతం కింద కూర్చుని రాలిన పూలు ఏరుతోంది. జ్ఞాపకం చల్లారకముందే రాసుకుందామని కూర్చున్నాను.

మొక్కు ఆమెదే. శ్రావణంలో కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఈ రోజుల్లో అది అరగంట పని అని నేనూ డాక్టరూ ఎంత చెప్పినా ఆమె వినలేదు. ముందు రోజు రాత్రి దేవుడి గదిలో చాలాసేపు కూర్చుని, "చూపు నిలబెడితే అయిదుగురినీ ఒక్క రోజులో చూసి వస్తాను" అని ముడుపు కట్టేసింది. అయిదుగురంటే పంచారామాలు. డెబ్బయి ఆరేళ్ళ మనిషి, అరిగిన మోకాళ్ళు, అమరావతి నుంచి సామర్లకోట దాకా ఒక్క రోజులో! నన్ను అడిగి మొక్కుకుని ఉంటే రెండు రోజులకు బేరం కుదిర్చేవాణ్ణి.

చూపు బ్రహ్మాండంగా నిలబడింది. దాంతో మా ఇంట్లో శాంతి పోయింది. కట్టు విప్పిన మర్నాటి నుంచి ఫ్యాను రెక్కల మీద దుమ్ము, అటక మూల బూజు, పెద్ద గిన్నె అడుగున మసి, అన్నీ ఆమె కంట పడ్డాయి. దసరాకు బొమ్మల కొలువు పెడుతూ, "దీని ముక్కు ఎవరు విరగ్గొట్టారు?" అని శెట్టిగారి బొమ్మ పట్టుకుని నిలదీసింది. ఆ ముక్కు విరిగి పదిహేనేళ్ళు. నన్ను చూసి, "నీకు ఇంత జుట్టు ఎప్పుడు నెరిసిందిరా?" అని కాస్త దిగులుపడింది కూడా.

ఎడమ కన్ను ఇంకా పాతదే. దాని ఆపరేషన్ సంక్రాంతి వెళ్ళాక. అందుకని ఆమెకు ఒక ఆట దొరికింది. ఒక కన్ను మూయడం, చూడడం, ఆ కన్ను తెరిచి ఇంకోటి మూయడం. మనవరాలి యూనిఫాం, గోడ సున్నం, ఇడ్లీ, ఏది కనిపించినా పరీక్షే. పాత కంటికి అన్నీ పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టు ఉంటాయట. "ఇన్నేళ్ళూ మీ నాన్న పంచెలు సరిగా ఉతకలేదని ఆ చాకలిని ఊరికే తిట్టాను" అని ఒక రోజు తనలో తనే అనుకుంది. నాన్న పోయి ఆరేళ్ళు.

కార్తీకం రెండో సోమవారానికి ఒక ట్రావెల్స్ వాళ్ళ బస్సులో రెండు సీట్లు తీసుకున్నాను. వాళ్ళ పేరు రాయను, ఎందుకో మీకే తెలుస్తుంది. రాత్రి రెండు గంటలకు గుంటూరులో ఎక్కి, నాలుగు కాకముందే అమరావతిలో కృష్ణలో దిగాం. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, బయటి గాలే చలి. అమ్మ అరటి దొప్పలో దీపం పెట్టి వదిలింది. దొప్ప నాలుగడుగులు పోయి, ఎవరో మునక వేసిన అలకు తిరిగి మా దగ్గరికే వచ్చింది. మళ్ళీ తోసింది, మళ్ళీ వచ్చింది. పక్కనున్న ఒక పెద్దాయన, "అమ్మా, వెళ్ళనని మొరాయిస్తున్నాడు, ఉండనివ్వండి" అని నవ్వాడు. గుళ్ళో అమరేశ్వరుడికి పైఅంతస్తు నుంచి అభిషేకం జరుగుతోంది. మేము కింద నుంచే చూసి, బాలచాముండికకు దండం పెట్టుకుని, అయిదున్నరకల్లా బస్సెక్కాం. ఆ రోజు మొత్తంలో అనుకున్న వేళకు జరిగింది అదొక్కటే.

భీమవరం చేరేసరికి పది. గునుపూడిలో క్యూ ఊరి వీధిలోకి వచ్చేసింది. ఉపవాసం అమ్మది, నాది కాదు. ఆమెను వరసలో ఒక నీడ పట్టున నిలబెట్టి, మంచినీళ్ళ సీసా తెస్తానని వెళ్ళి, ఒక పెసరట్టు, ఉప్మా తినేసి వచ్చాను. అల్లం పచ్చడి బాగుంది. తిరిగి వచ్చి నిలబడ్డానో లేదో, "చొక్కా రెండో గుండీ దగ్గర పచ్చడి" అంది అమ్మ. అంతే, ఇంకేమీ అనలేదు. ఆపరేషన్‌కు ముందైతే నేను గెలిచేవాణ్ణి.

సోమేశ్వరుడు పున్నమికి తెల్లగా, అమావాస్యకు నల్లగా మారతాడన్నది తెలిసిందే కదా. పున్నమి ఇంకా రెండు రోజులుంది. "పోయినసారి మీ నాన్నతో వచ్చింది సరిగ్గా పున్నమినాడే. నాకు గోధుమరంగులోనే కనిపించాడు. బయటికి చెబితే పాపమని ఊరుకున్నాను. అది నా కంటి అమావాస్య అని ఇప్పుడు కదా తెలిసింది" అంటూ క్యూలో గంటన్నర ఉత్సాహంగా నిలబడింది. తీరా ఎదుటికి వెళ్ళేసరికి మారేడు దళాలు, చామంతులు నిండా కప్పేసి ఉన్నాయి. లింగం రంగు చూద్దామన్నా ఒక్క జానెడు మేర ఖాళీ లేదు. వెనక నుంచి ఒక్క తోపు, మేము బయట ఉన్నాం. పైనున్న అన్నపూర్ణమ్మ దగ్గరికి మెట్లెక్కుతూ అమ్మ మోకాలు పట్టుకుని ఆగింది. నొప్పి కాదట, ఉక్రోషం.

జనం గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. శివుడు అందరివాడే, కాదనను. కానీ వెలుగుతున్న వత్తుల కట్టను పళ్ళెంలో పెట్టుకుని కిక్కిరిసిన వరసలోకి దూరే భక్తి ఏమి భక్తి? ఒకచోట, ఏ గుడో చెప్పను, ఒకామె పళ్ళెం సెగకు నా మోచేతి దగ్గర చొక్కా చుర్రుమంది. ఆమె నాకేసి చూసి, "హర హర మహాదేవ" అంది. ఏమని జవాబు చెప్పను? ఇంకొకాయన వరస మొదటి నుంచి చివరి దాకా ఫోను తలపైకెత్తి వీడియో తీస్తూనే నడిచాడు. ఆయన దేవుణ్ణి ఇంటికి వెళ్ళాక చూస్తాడు కాబోలు.

పాలకొల్లులో మాత్రం అమ్మ ముందే తెగించి దిగింది. దూరం నుంచి కనిపించిన తొమ్మిది అంతస్తుల గోపురాన్నే రెండు కళ్ళతో విడివిడిగా రెండుసార్లు చూసింది. లోపల అంతా ఉక్క, కర్పూరపు పొగ. వరస కదులుతూ కదులుతూ గర్భగుడి ఎదుటికి వచ్చింది. అప్పుడే ఒక అభిషేకం ముగిసి, అర్చకస్వామి నీళ్ళు పోసి కడిగారు. ఇంకా పూలు పెట్టలేదు. తడి లింగం మీద దీపం వెలుగు జారుతోంది. అమ్మ కటకటాలు పట్టుకుని ఆగిపోయింది.

కుడి కన్ను మూసింది, చూసింది. ఎడమ కన్ను మూసింది, చూసింది. మళ్ళీ కుడి కన్ను.

"జరగండి, జరగండి" అని వెనక నుంచి అరుపులు. నా వీపు మీద ఎవరిదో కొబ్బరికాయ గుచ్చుకుంటోంది. అర్చకస్వామి తలెత్తి, "ఏమ్మా, కంట్లో ఏమైనా పడిందా?" అన్నారు.

"పడలేదు నాయనా. ఉన్నదే తీశారు" అంది అమ్మ.

ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. హారతి పళ్ళెం పక్కన పెట్టి, దీపాన్ని ఒక్క క్షణం లింగానికి దగ్గరగా ఎత్తి పట్టుకున్నారు. ఉపమన్యుడి ఆకలికి పాలిచ్చిన స్వామి కదా, పాల మీద మీగడ కట్టకముందు ఉండే తెలుపు అది. నేను ఇదివరకు మూడుసార్లు వచ్చాను. ఒక్కసారీ ఆ రంగు చూడలేదు, నా కళ్ళకు శుక్లాలు లేకపోయినా.

బయట రాతి అరుగు మీద కూర్చోబెడితే, "ఈ కంటికి నెయ్యిరా, ఈ కంటికి పాలు" అంది. కాసేపాగి, "రెండూ ఆయనకు పోసేవే" అంది. తరువాత చెప్పుల కోసం వెదికితే నావి లేవు. ఎవరో తొడుక్కుపోయారు. గుడి ముందు కొట్లో రబ్బరు చెప్పులు కొన్నాను, ఒక సైజు చిన్నవి.

సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరికి చిల్లర వేసి దండం పెట్టుకుని, రావులపాలెం ఇంకా రాకముందే టైరు పేలింది. స్టెప్నీ తీస్తే అందులో గాలి లేదు. డ్రైవరు ఫోను చేసుకుంటూ రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. రెండు వైపులా అరటి తోటలు, మధ్యలో నలభై మందిమి. మగవాళ్ళం తోటల్లోకి ఒక్కొక్కరమే వెళ్ళి వచ్చాం. ఆడవాళ్ళ సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు, నాతో సహా. అమ్మ పొద్దున్నుంచి నీళ్ళు తగ్గించి తాగుతున్నది ఉపవాసం వల్ల కాదని అప్పుడు తెలిసింది. ఆమె ముఖం చూసి కూడా నేను, "నీరసంగా ఉందా, అరటిపండు తింటావా?" అని అడిగాను. నలుపు తెలుపుల తేడా నాకు ఆ మాత్రమే తెలుస్తుంది.

రోడ్డు దిగువన ఒక పెంకుటిల్లు. వాకిట్లో వడియాల గుడ్డ దులుపుతున్న ఒకామె మమ్మల్ని చూసి, నన్ను కాదు, నేరుగా అమ్మనే చెయ్యి ఊపి పిలిచింది. "పిన్నిగారూ, లోపలికి రండి. పెరట్లో ఉంది" అంది. అమ్మ వెనకే బస్సులోని ఆడవాళ్ళు పదిహేను మంది వరకూ వెళ్ళారు. ఆమె తొట్టిలోంచి తోడి తోడి నీళ్ళు పోస్తూనే ఉందట. అమ్మ తిరిగి వచ్చేటప్పటికి ముఖం తేటపడి ఉంది, చేతిలో పాలగ్లాసు, కొంగులో ఏదో మూట.

ఆ ఇంట్లో అత్తగారు మంచం పట్టి ఉన్నారు. పక్షవాతం. ఆమెను ఒక్కర్తినీ వదిలి కదలడానికి లేదు. "ద్రాక్షారామం ఇక్కడికి ఎంత దూరమని! మూడు కార్తీకాలైంది పిన్నిగారూ, మాణిక్యాంబను చూసి" అని 365 వత్తుల కట్ట ఒకటి ఇచ్చి, తమ పేరున వెలిగించమంది. నెయ్యిలో నానబెట్టి, తన కోసమే సిద్ధంగా పెట్టుకున్నది. పేరూ గోత్రమూ అమ్మ కంఠస్థం చేసుకుంది. రెండు గంటల తరువాత టైరు వచ్చి, బస్సు కదిలి, గౌతమి దాటుతున్నా పెదవులు కదుపుతూనే ఉంది, మరిచిపోతానేమోనని.

ద్రాక్షారామంలో దిగేసరికి పొద్దు గూకింది. భీమేశ్వరుడి పైభాగం చూడాలంటే మెట్లెక్కాలి. నేను వద్దన్నాను, ఎక్కింది. మాణిక్యాంబ ముందు మాత్రం తన కోసం ఏమీ అడిగినట్టు లేదు. ప్రాకారంలో ఒక మూల గాలి తగలని చోటు వెదికి, ఆ వత్తుల కట్ట వెలిగించి, ఆ ఇల్లాలి పేరు, అత్తగారి పేరు, గోత్రం పైకి చెప్పింది. మాకు తెచ్చుకున్న వత్తులు సంచిలోనే ఉండిపోయాయి.

సామర్లకోటకు రాత్రి ఎనిమిది దాటింది. తలుపులు వేసేస్తారేమోనని దారంతా నా ప్రాణం కొట్టుకుంది. వేయలేదు. జనం పలచబడ్డారు. చాళుక్య భీముడు కట్టించిన ఆ గుళ్ళో 14 అడుగుల లింగం ముందు మమ్మల్ని తోసేవాళ్ళు లేరు. కావలసినంతసేపు నిలబడవచ్చు. అమ్మ రెండు కళ్ళూ తెరిచే చూసింది, పరీక్షలేమీ పెట్టలేదు. "అయిదుగురూ అయ్యారు" అని లెంపలు వేసుకుంది.

ఇక మిగిలింది భోజనం. నక్తం కదా, చుక్కను చూడందే ముద్ద ముట్టదు. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. చూపు మందగించిన నాలుగైదేళ్ళుగా చుక్క కనిపించిందో లేదో చెప్పే పని నాది. ఆమెకు నీరసంగా ఉందనిపిస్తే, మబ్బు పట్టినా, పొద్దు పూర్తిగా వాలకపోయినా, "అదిగో వచ్చింది" అనేసేవాణ్ణి. ఆమె నేను చూపించిన వైపు తిరిగి దండం పెట్టుకుని విస్తరి ముందు కూర్చునేది.

ఆ రాత్రి గుడి ఆవరణలో పచ్చికలో నిలబడి తల ఎత్తింది. పున్నమి దగ్గరపడిన చంద్రుడు, పైగా పలచటి మబ్బు తెర. వెన్నెలకు చుక్కలేవీ బయటపడటం లేదు. అలవాటు కొద్దీ, "అదిగో, అటు" అని చెయ్యి చూపించాను.

అమ్మ ఎడమ కన్ను మూసి అటు చూసింది. "అక్కడేమీ లేదు" అంది. తరువాత నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. నాలుగైదేళ్ళ లెక్క చూస్తోందని నాకు అర్థమైంది. ఏమీ అనకుండా మళ్ళీ ఆకాశం వెదకడం మొదలుపెట్టింది, మూల మూలా, అటక మీద బూజు వెదికినట్టు.

"అదిగో" అంది చివరికి. "గోపురానికి కుడి పక్కన, కొంచెం పైకి. చిన్నది. కనిపించిందా?"

నాకు అక్కడ మబ్బు తప్ప మరేమీ కనిపించలేదు.

"ఆఁ, కనిపించింది" అన్నాను.