ఇండోర్‌లో నా చెత్తబుట్ట వెనక్కి వచ్చింది

ఉజ్జయిని మహాకాళేశ్వరుణ్ణి, ఓంకారేశ్వరుణ్ణి చూసి రావాలని మా ఆయన చాలా ఏళ్ళుగా అంటున్నారు. రెండు జ్యోతిర్లింగాలకూ ఇండోర్ దగ్గర. ఉజ్జయిని 55 కిలోమీటర్లు, ఓంకారేశ్వర్ 80 లోపే. పైగా మా పిన్ని కూతురు పదిహేనేళ్ళుగా ఇండోర్ విజయనగర్‌లోనే కాపురం ఉంటోంది. ఇక హోటల్ ఖర్చు కూడా లేదని బయల్దేరాం.

మొదటి రాత్రే నా పరువు పోయే పని చేశాను. భోజనాలయ్యాక టీ పెట్టి, వడకట్టిన టీపొడి, ఖాళీ పాల ప్యాకెట్టు, అరటి తొక్కలు అన్నీ కలిపి సింకు కింద కనిపించిన బుట్టలో పడేశాను. ఇంట్లో చేసే పనేగా, ఆలోచించలేదు.

పొద్దున ఇంకా పళ్ళు తోముకుంటుండగానే వీధిలో పాట వినబడింది. "అక్కా, బండి వచ్చేసింది" అంటూ మా చెల్లెలు రెండు బుట్టలూ, ఓ చిన్న సంచీ పట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తింది. వెనకాలే నేనూ వెళ్ళాను. పసుపు రంగు బండి, లోపల అరలు అరలుగా ఉంది. తడికి ఒకటి, పొడికి ఒకటి. ప్లాస్టిక్కు, డైపర్లూ శానిటరీ ప్యాడ్లూ, ఎలక్ట్రానిక్ చెత్త, పురుగుమందు డబ్బాల్లాంటి ప్రమాదకరమైనవి, వీటికి వేరే. మొత్తం ఆరు రకాలట. బండి మీదున్న కుర్రాడు తడి బుట్ట అందుకుని లోపలికి తొంగిచూసి, పాల ప్యాకెట్టు రెండు వేళ్ళతో పైకి తీసి, "దీదీ, యే గీలా నహీ హై" (అక్కా, ఇది తడి చెత్త కాదు) అని బుట్ట తిరిగి చేతికిచ్చాడు. కోపంగా ఏమీ కాదు, మామూలుగా. మా చెల్లెలు మొహం ఎర్రబడింది. పదిహేనేళ్ళలో ఎప్పుడూ వినని మాట నా వల్ల వినాల్సి వచ్చింది పాపం. అక్కడే గేటు పక్కన కూర్చుని ఇద్దరం ఏరాం.

ఎదురింటావిడ చూసి నవ్వింది కూడా.

ఇది మరీ కొత్త విషయమేం కాదు. 2021 గాంధీ జయంతి నాడు ఆంధ్రప్రదేశ్‌లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలైనప్పుడు మా ఇంటికీ మూడు బుట్టలొచ్చాయి. ఆకుపచ్చది తడికి, నీలం పొడికి, ఎర్రది ప్రమాదకరమైన వాటికి. నెల రోజులు శ్రద్ధగా వేరు చేశాను. మా వీధికి వచ్చే ఆటో అతను మూడూ తీసుకుని నా కళ్ళముందే ఒకే కుప్పలో పోసేవాడు. అదీ ఒకరోజు ఏడింటికి, ఒకరోజు పదకొండింటికి, రెండు రోజులు అసలు రాకుండా. తర్వాత ఎర్రబుట్టలో ఉల్లిపాయలు పోశాను, నీలం దాంట్లో మా ఆయన వంగ మొక్క పెట్టారు. వీధిలో అందరూ చెత్త పన్ను గురించి పోట్లాడుకున్నారు గానీ, బండి ఎన్నింటికి వస్తుందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ పన్ను 2024లో ప్రభుత్వం మారాక తీసేశారు.

"మాకూ మొదట్లో ఇట్లా లేదక్కా" అంది చెల్లెలు. తను కాపురానికి వచ్చినప్పుడు మలుపు మలుపుకీ పెద్ద చెత్తకుండీలు, వాటి చుట్టూ ఆవులు, కుక్కలూ. పరిశుభ్రతను బట్టి ఊళ్ళకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2016లో ఇండోర్‌ది 25వ స్థానం. మరుసటేడాది మొదటి స్థానం, ఆ తర్వాత 2023 దాకా ఏటా అదే. 2023లో మాత్రం సూరత్‌తో పంచుకుంది. మొత్తం 85 వార్డులుంటే, ఇంటింటి సేకరణ మొదట రెండు వార్డుల్లోనే చేసి చూశారట. అది కుదిరాక మిగతా ఊరికి పాకించారు. కుండీలు తీసేసింది ఆ తర్వాతే. నాకు నచ్చింది ఈ వరస. బండి రావడం మొదలవకుండా కుండీ ఎత్తేస్తే జనం ఖాళీ స్థలంలో విసురుతారు, మా ఊళ్ళో జరిగింది అదే. బండి ఏ వీధిలో ఉందో జీపీఎస్‌లో చూసే కంట్రోల్ రూమ్ ఒకటుంది. చెల్లెలు మాత్రం బండి పాట వినబడగానే గడియారం చూసుకుంటుంది. "ఇవాళ ఐదు నిమిషాలు లేటు" అని ఫిర్యాదు చేసినట్టు అంది. నాకు నవ్వొచ్చింది.

ఉజ్జయిని దర్శనం, ఓంకారేశ్వర్‌లో నర్మద మీద పడవ, అవన్నీ బాగా జరిగాయి. వాటి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

మూడో రోజు సాయంత్రం దేవ్‌గురాడియా శివాలయానికి వెళ్దామంటే ఆటో ఎక్కాం. ఊరి చెత్త అంతా చేరేదీ అటువైపే. ఒకప్పుడు అక్కడ గుట్టలు గుట్టలుగా ఉండేదట. ఏళ్ళ తరబడి పేరుకున్న లక్షల టన్నుల పాత చెత్తను తవ్వి, జల్లించి, వేరుచేసి నేల చదును చేశారు. ఇప్పుడక్కడ తడి చెత్త నుంచి గ్యాస్ తీసే ప్లాంటు ఉంది. 2022 ఫిబ్రవరి 19న ప్రారంభమైంది. రోజుకు 550 టన్నుల తడి చెత్త తీసుకుని 17,000 కిలోల బయో సీఎన్‌జీ ఇచ్చేలా కట్టారు. ఆ గ్యాస్‌తో ఊళ్ళో బస్సులు నడుపుతారు. లోపలికి వెళ్ళడానికి ముందుగా అనుమతి కావాలన్నారు గేటు దగ్గర, బయటి నుంచే చూశాం. వాసన అసలు లేదని అబద్ధం చెప్పను. కానీ ముక్కు మూసుకోవాల్సిన పని పడలేదు.

పాల ప్యాకెట్టు సంగతి నాకు అక్కడ అర్థమైంది. ఆ ప్లాంటు తినేది కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం లాంటివి. మధ్యలో ప్లాస్టిక్ పడితే దాని కడుపు చెడుతుంది. అందుకే పొద్దున్నే గేటు దగ్గర ఆ కుర్రాడికి అంత పట్టింపు.

రాత్రి సరాఫా బజారుకి తీసుకెళ్ళారు. పగలు నగల దుకాణాలు. అవి మూతపడ్డాక వాటి అరుగుల ముందే తిండి బళ్ళు వెలుస్తాయి. లేత మొక్కజొన్న తురిమి పాలు పోసి వండే భుట్టే కా కీస్ తిన్నాను. ఇంటికొచ్చి రెండుసార్లు చేసినా ఆ రుచి రాలేదు. మా ఆయన ఖాళీ దొన్నె పట్టుకుని ఎక్కడ వేయాలా అని దిక్కులు చూస్తుంటే, బండాయన మాట్లాడకుండా కాలితో డబ్బా ముందుకు తోశాడు. "బావగారూ, ఇక్కడ కింద పడేస్తే జరిమానా" అని భయపెట్టింది మా చెల్లెలు.

ఇంటికొచ్చిన మర్నాడు ఉల్లిపాయలు తీసి ఎర్రబుట్ట కడిగాను. ఆటో తొమ్మిదిన్నరకి వచ్చింది. "రేపు ఎన్నింటికొస్తావు బాబూ?" అని మొదటిసారి అడిగాను.

"ఎక్కడ చెప్పగలనమ్మా, ఇంకో రెండు వీధులు కూడా నాకే ఇచ్చారు" అన్నాడు. తడీ పొడీ అలవాటు ప్రకారం ఒకే కుప్పలో పోశాడు.

పోసి, వంగి, నా పొడి బుట్టలోంచి పడ్డ నూనె డబ్బానూ రెండు నీళ్ళ సీసాలనూ ఏరి, ఆటో పక్కన వేలాడుతున్న గోనె సంచిలో వేసుకున్నాడు. ఆ సంచి కొత్తగా కట్టింది కాదు. ఇన్నేళ్ళూ నేను చూడలేదంతే.