చెంచా కాడ వెనుక సింహం

లండన్‌లో ఒక పాత సామాన్ల సంతలో కొన్న నల్లబడిన చిన్న చెంచాను భూతద్దం కింద పెట్టినప్పుడు, కాడ వెనుక అరిగిన ఐదు హాల్‌మార్క్ ముద్రలు (వెండి నాణ్యత, ఊరు, సంవత్సరం, తయారీదారు వంటి వివరాలు తెలిపేవి) కనిపించాయి. ముందుగా వెతకవలసింది నడుస్తున్న సింహాన్ని. అది వెయ్యికి 925 పాళ్ల స్వచ్ఛత గల స్టెర్లింగ్ వెండికి గుర్తు. ఇ.పి.ఎన్.ఎస్. అనే అక్షరాలుంటే మాత్రం అది వెండి పూత వేసిన వస్తువే.

తరువాత వెండిని పరీక్షించిన ఊరి ముద్ర. లంగరు బర్మింగ్‌హామ్‌ది, చిరుతపులి తల లండన్‌ది. నా చెంచా మీది చిరుత తలకు కిరీటం లేదు, సింహం కూడా మనవైపు ముఖం తిప్పకుండా ముందుకే చూస్తోంది. లండన్ ముద్రల్లో ఈ రెండు మార్పులూ 1821లో వచ్చినవే. పక్కనే ఎడమవైపు చూస్తున్న విక్టోరియా రాణి తల ఉంది. సుంకం చెల్లించినందుకు గుర్తుగా పాలకుల తలను ముద్రించే పద్ధతి 1784లో మొదలై 1890లో ఆగిపోయింది కనుక, చెంచా ఆమె పాలనలో 1890కి ముందరిదని తేలింది.

అసలు చిక్కంతా సంవత్సరాక్షరం, అంటే ముద్ర వేసిన ఏడాదిని తెలిపే అక్షరం దగ్గరే వస్తుంది. లండన్‌లో 20 అక్షరాల వరుస ముగిశాక మళ్లీ 'ఎ'తోనే మొదలయ్యేది కాబట్టి, అక్షరపు లిపినీ దాని చుట్టూ ఉన్న డాలు ఆకారాన్నీ కలిపి పట్టికతో పోల్చాలి. పైగా అప్పట్లో అక్షరం మే నెలలో మారేది. అందువల్ల నేను ఎప్పుడూ రెండు సంవత్సరాలు కలిపే రాసుకుంటాను.

తయారీదారు పొడి అక్షరాల్లో రెండోది దాదాపు చెరిగిపోయింది. దయచేసి ముద్రల మీద పాలిష్ రుద్దకండి. వాలు వెలుతురులో పెట్టి, మెల్లగా ఊపిరి ఊది చూడండి.