రాజుల్ని లెక్కచెయ్యని లింకన్ బిషప్

లండన్ కింగ్స్ క్రాస్‌లో రైలెక్కితే సుమారు రెండు గంటల్లో లింకన్ అనే ఊరు. అసలు ప్రయాణం దిగాకే మొదలవుతుంది. కథీడ్రల్‌కి, అంటే బిషప్ ఉండే పెద్ద చర్చికి, ఎక్కే వీధి పేరే స్టీప్ హిల్ (నిటారు కొండ). మన మోకాళ్ళ పర్వతం గుర్తొచ్చింది, కాకపోతే ఇక్కడ ఆయాసం తీర్చుకోవడానికి దారిపొడవునా కాఫీ షాపులున్నాయి.

1185లో భూకంపం వచ్చి పాత కథీడ్రల్ చాలావరకు పాడైంది. మరుసటి ఏడాదే హ్యూ ఇక్కడ బిషప్ అయ్యాడు. పుట్టింది ఫ్రాన్స్‌లో, గ్రెనోబుల్ దగ్గర. ఏకాంతంగా, మౌనంగా బతికే కార్థూసియన్ శాఖ సన్యాసి. ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీయే సోమర్‌సెట్‌లోని విథమ్ మఠానికి ఏరికోరి రప్పించుకున్నాడు. లింకన్ కథీడ్రల్ పునర్నిర్మాణం 1192లో మొదలైతే బిషప్ గారే రాళ్లు మోశారని చెప్తారు. ఆయన పేరుతో ఉన్న క్వాయర్‌లో (చర్చిలో గాయక బృందం కూర్చునే భాగం) నిలబడి తలెత్తితే, నడిమధ్య ఒక్కచోట కలవాల్సిన కప్పు కమానులు అటు కొన్ని, ఇటు కొన్ని వంకరగా పోతాయి. కావాలనే అలా కట్టారో ఏమో, మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆయన నోటి ధైర్యం. ఒకసారి రాజుగారి అడవుల అధికారిని మతం నుంచి వెలివేశాడు. హెన్రీకి మండింది. పిలిపించి, పలకరించకుండా, గాయమైన వేలికి కట్టు కుట్టుకుంటూ కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు బిగుసుకుపోయారు. హ్యూ మాత్రం పక్కనే చేరి, ఫలేజ్‌లోని మీ చుట్టాల పోలికలు భలే వచ్చాయన్నాడు. రాజు ముత్తాత, ఇంగ్లండ్‌ని జయించిన విలియమ్ తల్లి, ఫ్రాన్స్‌లోని ఫలేజ్ ఊళ్లో తోళ్లపని చేసేవాళ్ల అమ్మాయని అప్పట్లో ప్రతీతి. హెన్రీ పగలబడి నవ్వి, అర్థంకాని వాళ్లకు తనే విడమరిచి చెప్పాడట. ఇంకొకరైతే తల దక్కేదా?

1200 నవంబరులో ఆయన లండన్‌లో చనిపోతే, శవపేటికను మోసినవాళ్లలో హెన్రీ కొడుకు జాన్ రాజు కూడా ఉన్నాడు. క్రూరుడిగా పేరుపడ్డ ఆ జాన్ గురించి తెలిసినవాళ్లకు ఇది వింతే. 1220లో హ్యూని సెయింట్‌గా ప్రకటించారు. భక్తుల రద్దీ పెరిగి, ఆయన సమాధి కోసమే 1256లో ఏంజెల్ క్వాయర్ మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ జనమంతా స్తంభం మీది లింకన్ ఇంప్ అనే చిన్న రాతి దెయ్యాన్ని ఫొటోలు తీసే హడావుడిలో ఉన్నారు.

బయటికొచ్చి పడమటి ముఖం పైకి చూడండి. ఒక కొసన హ్యూ విగ్రహం, రెండో కొసన పందుల కాపరిది. గుడికోసం తన పొదుపంతా ఇచ్చేశాడట. ఇద్దరినీ సమానమైన ఎత్తులో నిలబెట్టారు.