పత్తి సీజన్‌ల ఎం.కాం. పరీక్షలు: నా డిసెంబర్

2025 డిసెంబర్ 30న, ముక్కోటి ఏకాదశి నాడు, చివరి పేపర్ రాసి వచ్చిన. చూపుడు వేలు మీద ఇంకు మరక ఇంకా పోలే. మతికి ఉన్నప్పుడే రాసిపెడదామని కూర్చున్న. ఉద్యోగం చేస్తూ పీజీ చదివే ఆడవాళ్లకు పనికొస్తది.

వరంగల్ దగ్గర గీసుగొండ దిక్కు, పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు చూస్త. దూరవిద్యలో ఎం.కాం. రెండో సంవత్సరం. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. మా ఆయనకు షిఫ్టు డ్యూటీలు.

పత్తి పని తెలిసినోళ్లకు చెప్పే పని లేదు. దసరా దాటితే మొదలు, సంక్రాంతి దాకా ఊపిరాడదు. తక్‌పట్టీలు, అంటే కొన్న పత్తి తూకం, ధర రాసిన చీటీలు, పొద్దూకినంక కట్టలు కట్టలుగా వస్తయి. ఒక్కోదానికి తూకం, తేమ, ధర సరిచూసి లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో ఎక్కించాలె. దానిమీద డిసెంబర్‌ల గడువులన్నీ వరుసకట్టి ఉంటయి: 7న టీడీఎస్ (చెల్లింపుల్లో కోసిపెట్టిన పన్ను) కట్టుడు, 11లోపు అమ్మకాల జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-1, 20లోపు పన్ను కట్టే రిటర్న్ 3బీ, 31లోపు పోయిన ఆర్థిక సంవత్సరానికి వార్షిక రిటర్న్ జీఎస్టీఆర్-9. నా పరీక్షలేమో 8, 13, 19, 30 తేదీల్లో. రెండు కాయితాలు పక్కపక్కన పెట్టుకొని సెప్టెంబర్‌లనే గీసుకున్న. సేటుకు సెలవు చిట్టీ కూడా అప్పుడే రాసిచ్చిన, పత్తి రాకముందే. సీజన్ మొదలైనంక అడిగితే ఏ యజమానికైనా కోపమే వస్తది, అది న్యాయమే.

కొనుగోళ్ల మీద మనకొచ్చే పన్ను జమ (ఇన్‌పుట్ క్రెడిట్) చూపే జీఎస్టీ 2బీ స్టేట్‌మెంట్ 14న వస్తది. కొనుగోళ్లు దానితో సరిచూసుడు 15, 16లనే ముగించిన. అసలు ఇరుక్కునేది రివర్స్ చార్జి దగ్గర. రైతు దగ్గర నేరుగా కొన్న పత్తికి 5 శాతం పన్ను మిల్లే కట్టాలె, అదీ నగదు లెడ్జర్ నుంచే, అంటే చలానాతో వేసిన పైకంతోనే. ఉన్న ఇన్‌పుట్ క్రెడిట్‌తో సర్దేటందుకు లేదు. కట్టినంకనే దాన్ని క్రెడిట్‌గా తీసుకోవచ్చు. అందుకే ఎంత పైకం కావాలో 10వ తేదీకే లెక్క తీసి సేటు ముందు పెట్టిన. లేకుంటే 19న పేపర్ రాసొచ్చి 20 రాత్రి చలానా కోసం కూర్చునేదాన్ని. 11, 14, 17 తేదీల్లో పంచాయతీ ఎన్నికలు వచ్చినయి, హమాలీలు ఓట్లకు ఊర్లకు పోయిన్రు, కాంటా నెమ్మదించింది. ఆ మూడు రోజులు జీఎస్టీఆర్-9 మీద కూర్చున్న. 22కల్లా దాఖలైంది.

చదువు పొద్దున నాలుగున్నర నుంచి ఆరు దాకా. రాత్రి చదువు నాతోని కాదు, లెక్కలతో అలిసిన కండ్లు అక్షరం పట్టుకోవు. పాత ప్రశ్నపత్రాలు ఐదేండ్లవి ముందు చూసిన, పుస్తకం తర్వాత. ఒక్క మాట మాత్రం గట్టిగ చెప్త: రోజంతా కీబోర్డు కొట్టే చేతికి మూడు గంటలు పెన్ను పట్టే అలవాటు పోతది. మొదటి పేపర్‌ల రెండో గంటకే బొటనవేలు బిగుసుకపోయింది. ఆ తర్వాత నుంచి రోజూ ఒక జవాబు గడియారం పెట్టుకొని చేత్తోని రాసిన. 19 నాటికి చెయ్యి దారికొచ్చింది.

ఇవన్నీ నడిచిపోయే కష్టాలే. నన్ను ఏడిపించింది అసైన్‌మెంట్లు.

మా కోర్సులో ప్రతి పేపర్‌కు వందకు 30 మార్కులు అసైన్‌మెంట్‌కు, 70 పరీక్షకు. రెండింట్లో వేర్వేరుగా పాసవ్వాలె. ఒక అసైన్‌మెంట్ లేకుంటే పరీక్ష ఎంత బాగ రాసినా ఆ పేపర్ పోయినట్టే. గీతలు లేని ఏ4 కాయితం మీద చేత్తోనే రాయాలె. నాలుగు పేపర్లు, ఒక్కోటి ఇరవై పేజీల పైన. దసరాకు ముందే రాసిపెట్టుకున్న.

మొదటిసారి అక్టోబర్‌ల స్టడీ సెంటర్‌కు ఇయ్యపోతే నాలుగూ ఒకే ఫైలులో ఉన్నయని తిప్పి పంపిన్రు. వేర్వేరు ఫైళ్లు కావాలె, ప్రతిదానికి ఐడీ కార్డు జిరాక్స్, ప్రశ్నపత్రం మొదటి పేజీ జతచేయాలె అన్నరు. ఎక్కడ రాసి ఉందని అడిగితే జవాబు లేదు. రెండోసారి పోతే తీసుకునే మనిషే రాలే. ఆ రెండు సార్లూ మిల్లుకు సగం పూట పోయింది.

మూడోసారి లైనులో నా ముందు వెనక అంతా ఇరవై రెండు, ఇరవై మూడేండ్ల పిల్లలు. నా వయసు ముప్పై ఎనిమిది. కౌంటర్‌లో ఉన్నాయన ఫైళ్లు తిరగేసి, అందరికీ వినబడేటట్టు అన్నడు: "ఇల్లు, పిల్లలను చూసుకోక ఈ వయసుల నీకెందుకమ్మా పీజీ?" వెనక ఎవరో నవ్విన్రు. నా మొఖంల నెత్తురు లేదు. "సార్, ఫీజు నేను కూడా కట్టిన" అన్న, అంతకంటే మాట రాలే. రసీదు అడిగితే "ఇయ్యం" అన్నడు. జిరాక్స్ మొదటి పేజీ మీద ముద్రన్నా వేయమని పట్టుబట్టిన. మూడింటికి వేసిండు, నాలుగోది చేతిలో ఉండంగనే అన్నానికి లేచిపోయిండు. గేటు దగ్గర కారం తింటున్నట్టు కండ్లల్ల నీళ్లు. బస్సెక్కి మిల్లుకు పోయిన.

డిసెంబర్ మొదటి వారం స్టేటస్ చూస్తే మూడు అందినట్టు ఉన్నది, నాలుగోది లేదు. ముద్ర లేనిదే పోయింది.

ఎందుకు పోతయో అక్కడ కొంచెం ఓపికున్న ఒక అటెండర్ చెప్పిండు. వచ్చినవన్నీ ఒక కుప్పగా పడేస్తరు, తర్వాత పేపర్ కోడ్ చూసి కట్టలు కడ్తరు. కోడ్ చిన్నగ రాసినా, కవర్ పేజీ ఊడినా వేరే కట్టలో కలుస్తది. దిద్దే ఆయన తనది కానిదాన్ని పక్కన పెడ్తడు, అంతే. కాబట్టి కోడ్, ఎన్‌రోల్‌మెంట్ నంబరు ప్రతి పేజీ పైన కుడివైపు పెద్దగ రాయున్రి. ఇచ్చే ముందు అన్ని పేజీలు ఫోన్‌లో ఫోటో తీయున్రి. ముద్ర పడేదాకా కౌంటర్ కదలకున్రి, ఆయన అన్నానికి పోయినా నిలబడున్రి. చదువు అడిగినోళ్లను వయసు చెప్పి చిన్నబుచ్చే హక్కు ఎవరికీ లేదు. నేను ఆరోజు ఆ మాట అనలేకపోయిన, మీరు అనున్రి.

నేను చేసిందేందంటే, కోఆర్డినేటర్ పేరు మీద దరఖాస్తు రెండు కాపీలు రాసి, తేదీతో ఉన్న ఫోటోల ప్రింట్లు, పూర్తి జిరాక్స్ సెట్టు జతచేసిన. నోటితో చెప్పుకోలే, ఆఫీసులో ఇచ్చి నా కాపీ మీద అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్న.

ఈ మధ్యల ఇల్లు. క్రిస్మస్ గురువారం, శుక్రవారం కూడా సెలవు, ఆపైన శని ఆదివారాలు: 25 నుంచి 28 దాకా నాలుగు రోజులు. 30న పేపర్ ఉన్నా ఈ నాలుగు రోజులు చదవనని సెప్టెంబర్‌లనే పిల్లలకు చెప్పిన. సిలబస్ 24 రాత్రికి ముగించిన, 29 ఒక్కరోజు తిరగేసుకునేందుకు పెట్టుకున్న. తల్లిగారింటికి పోతూ పుస్తకం సంచిలో పెట్టుకోలే. పెట్టుకుంటే తెరవకున్నా దాని మీదనే మనసుంటది. ఫోన్ అమ్మ చేతికిచ్చిన, సేటు ఫోన్ చేస్తేనే ఇయ్యమని. ఒక్కసారి చేసిండు, పాస్‌వర్డ్ అడిగి పెట్టేసిండు.

26న అందరం మేడారం పోయినం. మహాజాతర జనవరి 28 నుంచి కదా, అప్పటి రద్దీకి అత్తమ్మ మోకాళ్లు తట్టుకోవు. చిన్నోనికి మొక్కున్నది, వాని ఎత్తు బంగారం, అంటే బెల్లం, తూచి ఇచ్చినం. జంపన్న వాగుల నీళ్లల్లకు దిగిన పిల్లలు బయటికి రాం అన్నరు. మిగిలిన రెండు రోజులు ఎండల కూసొని పల్లికాయ ఒల్చుకొని తిన్నం. పగటిపూట నిద్రపోయిన, ఎన్ని నెలలకో.

29 పొద్దున పుస్తకం తీస్తే అక్షరం మీద నిలబడ్డది మనసు. 30న ఐదు ప్రశ్నలూ రాసిన.

నాలుగో అసైన్‌మెంట్ స్టేటస్ ఇంకా మారలే. సోమవారం 5వ తేదీ, మళ్లీ పోవాలె. ఇన్‌వర్డ్ నంబరున్న కాపీ ఫైల్ల పెట్టి సంచి తలుపు కాడ పెట్టిన.