బెల్లానికి మళ్ళీ జలుబు చేసింది

పిల్లికి ఫీలైన్ లుకేమియా, అంటే పిల్లుల్లో ఒక వైరస్ వల్ల వచ్చే జబ్బు, పాజిటివ్ అని రిపోర్టు చేతికి రాగానే ఎవరైనా మొదట అడిగేది ‘ఇంక ఎన్నాళ్ళు బతుకుతుందండీ’ అనే. ఆ లెక్క డాక్టర్లు కూడా కచ్చితంగా చెప్పలేరు. నన్నడిగితే వైరస్ సంగతి కాసేపు పక్కన పెట్టి దాని ముక్కు చూడండి అంటాను. తమాషాకి అనడం లేదు. లుకేమియా ఉన్న పిల్లిని పెంచడమంటే చాలావరకు దాని ముక్కు మూసుకుపోకుండా, కంచం ఖాళీ అయ్యేలా చూసుకోవడమే.

విశాఖలో మా పెదవాల్తేరు ఇంట్లో రెండు పిల్లులున్నాయి. బెల్లం, మినప. పేర్లను బట్టే రంగులు తెలిసిపోతాయి. రెండూ ఒకే తల్లి పిల్లలు, రెండిటికీ లుకేమియా ఉంది, బహుశా పాలతోనే వచ్చి ఉంటుంది. బెల్లానికి అది చాలదన్నట్టు జలుబు తెచ్చే హెర్పిస్ వైరస్ కూడా. పిల్లుల హెర్పిస్ ఒకసారి ఒంట్లోకి వచ్చిందంటే పోదు, నరాల్లో నక్కి కూర్చుంటుంది. ఇంటికి చుట్టాలు దిగినా, పై పోర్షన్‌లో డ్రిల్లింగ్ మొదలైనా, అల్పపీడనం పట్టి తలుపులూ కిటికీలూ మూసేసినా దానికి టెన్షన్, ఆ టెన్షన్‌తో మళ్ళీ తుమ్ములు, ఒక కంట్లో పుసులు. ఈ ముసురుకీ అదే అయింది, అందుకే ఇవాళ ఇది రాస్తున్నాను.

వైరస్ గురించి త్వరగా చెప్పేస్తాను. 1964లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో విలియం జారెట్ బృందం దీన్ని కనిపెట్టింది. హెచ్ఐవీలాగే రెట్రోవైరస్, కానీ మనుషులకీ కుక్కలకీ అంటదు. ఎక్కువగా ఉమ్మిలో ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నాక్కోవడం, ఒకే గిన్నెలో తినడం, కరుచుకోవడం వల్ల పాకుతుంది. క్లినిక్‌లో నాలుగు చుక్కల రక్తంతో అక్కడికక్కడే చేసే టెస్టు ఒక్కటి పాజిటివ్ వచ్చిందని డీలా పడిపోవద్దు, కొన్ని పిల్లుల ఒళ్ళు ఆ వైరస్‌ని అణిచేస్తుంది. నెలా నెలన్నర పోయాక మళ్ళీ చేయించాలి, వీలైతే వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ టెస్టు కూడా. అప్పటికీ రక్తంలో వైరస్ తిరుగుతూనే ఉంటే అది ముదిరే రకం, అలాంటివాటిలో ఎక్కువ భాగం మూడేళ్ళు దాటవని పుస్తకాల్లో ఉంటుంది. దాటినవీ ఉన్నాయి. పేరులో కాన్సర్ ఉంది గానీ రోజువారీగా మనకి ఎదురయ్యేవి రక్తం తగ్గిపోవడం, ఇన్ఫెక్షన్లు తిరగబెట్టడం.

ఇక ముక్కు దగ్గరికి వద్దాం. పిల్లికి తిండి మీద ఇష్టం పుట్టేది వాసనతో. వాసన తెలియకపోతే ఎదురుగా వంజరం ముక్క పెట్టినా మొహం తిప్పేస్తుంది. మనకి జ్వరం వస్తే ‘లంఖణం పరమౌషధం’ అనుకుని రెండ్రోజులు గడిపేస్తాం, పిల్లుల దగ్గర ఆ మాట పనికిరాదు. వరసగా కొన్ని రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వు కరిగి లివర్‌లో పేరుకుని కామెర్లు వచ్చేస్తాయి, బొద్దుగా ఉన్నవాటికి ఇంకా ప్రమాదం. లుకేమియా పిల్లికి అసలే ఒంట్లో సత్తువ అంతంత మాత్రం. అందుకే ఒక రోజంతా ముద్ద ముట్టలేదంటే నేను రెండో రోజు కోసం ఆగను, డాక్టర్‌కి ఫోన్ చేస్తాను.

పొద్దున్న లేవగానే గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి, బెల్లం ముక్కు మీద ఎండిన చీమిడి మెత్తబడేదాకా ఆనించి పట్టుకుంటాను. గీకితే రక్తం వస్తుంది. కంటికి వేరే దూది. ఆ తర్వాత నెబ్యులైజర్, అందులో మందేమీ ఉండదు, ఉత్త నార్మల్ సెలైన్, అంటే ఉప్పునీళ్ళు. మొహానికి మాస్కు పెట్టబోతే ఇల్లు పీకి పందిరేస్తుంది, అందుకని క్యారియర్‌లో కూర్చోబెట్టి, పైన పాత కాటన్ చీర కప్పి, గాలి కోసం ఒక పక్క తెరిచి ఉంచి, గొట్టం లోపలికి పెడతాను. మొదట కాసేపు గుర్రుమంటూ నన్ను తిట్టుకుంటుంది, తర్వాత కళ్ళు సగం మూసుకుని ముందుకాళ్ళు మడిచి కూర్చుంటుంది, బయటికి తీశాక వరసపెట్టి తుమ్ములు. చొక్కా నిండా చీమిడి పడిందంటే నాకు పండగే, ఆ పూట అది తింటుంది. ముక్కు మళ్ళీ మూసుకోక ముందే కంచం పెట్టేయాలి.

తిండి కూడా ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పెట్టకూడదు. వాసన లేవాలంటే ఒంటి వేడికి దగ్గరగా, 38 డిగ్రీల దాకా వెచ్చబెట్టాలి. నేను కవళ్ళో కానాగంతలో ఉప్పూ పసుపూ ఏమీ లేకుండా ఉడకబెట్టి, ముళ్ళు తీసి చిదిపి, ఆ నీళ్ళతో సహా క్యాట్ ఫుడ్‌లో కలుపుతాను. చేప ఒక్కటే పెడితే పిల్లికి కావలసినవన్నీ అందవు, అది ఆశ పుట్టించడానికే. ఉల్లి, వెల్లుల్లి తగలనివ్వకండి, అవి పిల్లి ఎర్రకణాల్ని పగలగొడతాయి. పచ్చి చేప, పచ్చి మాంసం కూడా ఈ పిల్లులకి వద్దు, అందులోని క్రిములతో పోరాడే శక్తి వీటికి ఉండదు. పెదజాలారిపేట నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే చేపలామె నన్ను చూసి ఒకటే నవ్వు, ‘ఏటమ్మా, పిల్లికి ముల్లు తీసి పెడతావేటి, ముల్లు తినకపోతే అది పిల్లేటి!’ అని. నవ్వుతూనే రెండు కవళ్ళు ఎక్కువ వేస్తుంది లెండి.

మందుల విషయంలో మాత్రం చనువు తీసుకోకండి. వైరస్ మీద బాక్టీరియా కూడా తోడైనప్పుడు డాక్టర్లు ఎక్కువగా డాక్సీసైక్లిన్ రాస్తారు. ఆ మాత్ర పొడిగా గొంతులో ఆగిపోతే ఆహారనాళం పుండుపడి సన్నబడిపోతుంది, కాబట్టి మాత్ర వేశాక సిరంజితో పక్క దవడ నుంచి కాసిని నీళ్ళు పట్టించాలి, తల వెనక్కి వంచి మాత్రం కాదు. జ్వరంగా ఉంది కదా అని పారాసెటమాల్ వేశారంటే అంతే సంగతులు, ఒక్క మాత్రకే పిల్లి ప్రాణం పోతుంది. విక్స్, కర్పూరం, నీలగిరి తైలం కూడా విషాలే, పిల్లి లివర్ వాటిని విరిచేయలేదు. లైసీన్ పౌడర్ హెర్పిస్‌కి బ్రహ్మాండం అని ఇప్పటికీ అమ్ముతున్నారు, 2015లో వచ్చిన ఒక సమీక్షలోనే అది పనిచేయదని తేల్చారు. నేనైతే ఆ డబ్బుతో సెలైన్ కొంటాను.

ఇప్పుడు అసలు భయపెట్టే సంగతి. లుకేమియా పిల్లి ఆయాసపడుతుంటే అది జలుబే అనుకుని ఆవిరి పట్టిస్తూ కూర్చోకూడదు. వీటికి, అందులోనూ చిన్న వయసులో, ఛాతీలో గుండెకి ముందు లింఫోమా అనే కాన్సర్ గడ్డ పెరిగి చుట్టూ నీరు చేరే అవకాశం ఉంది. జలుబు పిల్లి తుమ్ముతుంది, ముక్కు కారుతుంది, గురక పెడుతుంది. ఈ పిల్లికి ముక్కు పొడిగానే ఉండొచ్చు, కానీ మెడ చాచి, మోచేతులు బయటికి పెట్టి, డొక్కలు ఎగరేస్తూ కూర్చుంటుంది, ఒక పక్కకి ఒరిగి పడుకోలేదు. నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో వాచీ పెట్టుకుని చూడండి, నిమిషానికి 30 లోపు ఉండాలి. అంతకు మించి అలాగే కొనసాగుతుంటే ఆ రోజే చూపించాలి. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే ఇంక ఇంట్లో ఏ ప్రయత్నమూ వద్దు, సిరంజితో తినిపించడం అసలే వద్దు, దొరికిన ఆటో ఎక్కి ఆక్సిజన్ ఉన్న క్లినిక్‌కి వెళ్ళిపోవడమే. మెల్లగా పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడటం కూడా అలవాటు చేసుకోండి. మినప చిగుళ్ళు ఒకసారి సున్నం కొట్టిన గోడలా కనిపించాయి, రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ బాగా పడిపోయి ఉంది. తుమ్ము లేదు, దగ్గు లేదు, ఊపిరి మాత్రం వేగంగా. రక్తం తక్కువైనా ఊపిరి అలాగే ఉంటుంది మరి.

ఇంట్లో గాలి గురించి అమ్మతో నాకు చాలా బేరాలు నడిచాయి. శుక్రవారం సాంబ్రాణి వేయకపోతే అమ్మకి పూజ చేసినట్టుండదు, ఆ పొగ పీలిస్తే బెల్లానికి రాత్రంతా గురక. చివరికి ధూపం వరండాకి మారింది, అగరొత్తి ఒక్కటి దేవుడి దగ్గర, అది కూడా తలుపు వేసి. దోమల కాయిల్ మానేసి కిటికీలకి మెష్ కొట్టించాం, దానివల్ల పిల్లులు బయటికి దూకే గొడవా తప్పింది. నేల తుడిచే ఫినాయిల్, డెట్టాల్ రెండూ పిల్లులకి మంచివి కావు, తడి నేల మీద నడిచి ఆ పాదాలే నాక్కుంటాయి కదా. లుకేమియా వైరస్ సబ్బు నీళ్ళకే చస్తుంది. మొండిది కాలిసి వైరస్, జలుబుతో పాటు నాలుక మీద పుళ్ళు తెస్తుంది, దానికి మాత్రం ఒక వంతు బ్లీచ్‌కి 32 వంతుల నీళ్ళు కలిపి తుడిచి, తర్వాత మంచినీళ్ళతో మళ్ళీ తుడిచి, ఆరాకే పిల్లుల్ని వదలాలి.

ఓనర్ పిన్నిగారు ఒకసారి మెట్ల మీద ఆపి, ‘మా మనవడికేమీ అంటుకోదు కదమ్మా’ అని గుసగుసగా అడిగారు. అంటదు పిన్నిగారూ అని చెప్పాను. అంటేది వేరే పిల్లులకే, అందుకే వీధిలో కూనలు ఎంత ముద్దొచ్చినా నేను లోపలికి తీసుకురావడం లేదు, వాటి జలుబు వీళ్ళకీ, వీళ్ళ లుకేమియా వాటికీ. త్రీ-ఇన్-వన్ టీకా హెర్పిస్, కాలిసి, పాన్‌ల్యూకోపీనియాలకి మాత్రమే, లుకేమియాకి కాదు. లుకేమియా, పాన్‌ల్యూకోపీనియా (తెల్లకణాలు పడిపోయే వేరే వైరస్ జబ్బు) అనే ఈ రెండు పేర్లూ దగ్గరగా ఉండటంతో టీకా వేయించేశాం కదా అని ధీమాగా ఉండేవాళ్ళు చాలామంది ఉన్నారు. లుకేమియా ఉన్నవాటికి ఏ టీకా, ఎప్పుడు అన్నది డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోండి.

బెల్లం నిన్నటి నుంచి కాస్త నయం, సాయంత్రం కవళ్ళ నీళ్ళు గిన్నె నాకేసింది. మినపకి వచ్చే వారం మళ్ళీ రక్తపరీక్ష. హిమోగ్లోబిన్ ఇంకా తగ్గితే రక్తం ఎక్కించాల్సి రావచ్చన్నారు డాక్టర్ గారు. పిల్లుల్లోనూ ఎ, బి, ఎబి అని గ్రూపులున్నాయి, సరిపోయేది చూసే ఎక్కిస్తారు. పెదవాల్తేరు, ఎంవీపీ, లాసన్స్ బే వైపు ఎవరి దగ్గరైనా నాలుగున్నర కిలోలు దాటిన, టీకాలు పూర్తయిన, ఇంట్లోనే పెరిగే ఆరోగ్యమైన పిల్లి ఉంటే, లుకేమియా టెస్టు నెగటివ్ అయి ఉంటే, ఒక మాట చెప్పండి. టెస్టు చేయించకపోయి ఉంటే ఆ ఖర్చు నేనే పెట్టుకుంటాను.