మోటారు ఆడుతుంది, నీళ్లు పడవు

అనంతపురంలో ఒక ల్యాబ్‌లో పన్నెండేళ్లుగా వీర్య పరీక్షలు చేస్తున్నాను. శాంపిల్ ఇచ్చాక అది పలచబడ్డానికి అరగంటైనా ఆగాలి. ఆ అరగంటలో శింగనమల వైపు రైతు ఒకాయన మూడుసార్లు టీకి వెళ్లొచ్చాడు.

పెళ్లయి ఆరేళ్లట. ఒకసారి ఐవీఎఫ్, అంటే ల్యాబ్‌లో అండాన్నీ వీర్యాన్నీ కలపడం, కూడా అయింది. అండాలు బాగానే ఉన్నా ఒక్కటీ ఫలదీకరణ కాలేదు. స్లైడు చూస్తే మిల్లీలీటరుకు 4 కోట్ల పైనే కణాలు. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పే కింది హద్దు 1 కోటీ 60 లక్షలు. కదలికకూ వంక లేదు.

"నాది నార్మల్ అయితే లోపం దీనిదే గదా సార్?" అన్నాడు. పక్కన ఆయన భార్య తల వంచుకుంది. ఊరుకోవచ్చు. కానీ నాకు నోరాగదు.

"అన్నా, మీ బోరు మోటారు ఆడతానే నీళ్లు పొయ్యకుండా ఉందా ఎప్పుడైనా?"

"శానాసార్లు. ఓల్టేజీ లేకుంటే అంతే."

వీర్యకణానికీ ఓల్టేజీ ఉంటుంది. మాటవరసకు కాదు, నిజంగానే. దాని పొరలో ప్రొటీన్లతో కట్టిన పంపులు, గేట్లు ఉంటాయి. ఒక పంపు 3 సోడియం అయాన్లను (అంటే విద్యుదావేశం ఉన్న రేణువులను) బయటికి తోసి 2 పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. ఈ పంపులో ఒక రకం వీర్యకణాల కోసమే ఉంది. తోక మీద క్యాట్‌స్పర్ అనే కాల్షియం గేటు ఉంది. దాన్ని 2001లో కనిపెట్టారు. అండం దగ్గరికి చేరేసరికి కణం లోపల ఆమ్లగుణం తగ్గి, అక్కడి ప్రొజెస్టెరాన్ అనే హార్మోను తగిలి ఆ గేటు తెరుచుకుంటుంది. కాల్షియం లోపలికి రాగానే, అప్పటిదాకా మెల్లగా ఆడిన తోక చర్నాకోలలా కొడుతుంది. ఆ దెబ్బ లేకపోతే అండం పైపొర చీలదు. గేటు పాడైనవాళ్లలో కూడా నా మైక్రోస్కోపు కింద కౌంటు, కదలిక మామూలుగానే కనిపించొచ్చు. నేను చూసేది మోటారు చప్పుడే.

"నీకు అదే ఉందని నేను అనడంలేదు. నార్మల్ అని రాసిన కాగితం పట్టుకుని ఆమె మీద నేరం మోపొద్దు అంటున్నా, అంతే. డాక్టరుగారిని ఇక్సీ గురించి అడుగు. ఒక్కో కణాన్ని సూదితో నేరుగా అండంలోకి పంపుతారు, తోకతో పనుండదు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్లమ్మకు ఫోన్ కలిపి, "మీరే చెప్పండి సార్" అని నా చేతికిచ్చాడు. పాఠమంతా మళ్లీ మొదలుపెట్టబోయాను. అవతల ఆమె మొదటి మాటే:

"కౌంటు ఎంతొచ్చింది నాయనా?"